రాయి నోరు కడిగిన గుప్పెడు

కిందటి వారం మనం కుల్‌బీర్ కౌర్‌ని పట్నం ఆస్పత్రిలో చెక్కబల్ల మీద కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, మనం వచ్చేదాకా లేవకూడదని ఇంకా అక్కడే ఉంది. ఒళ్ళో ఏడేళ్ళ కూతురు సీరత్. లోపల డాక్టరమ్మ చేతిలో సీరత్ రక్తపరీక్ష కాగితం.

మధ్యలో బండెక్కిన పాఠకుల కోసం ఒక్క ముక్క. సీరత్‌కి గోధుమ పడదు. గోధుమ లోపలికి వెళ్తే పేగు లోపలి నూగు రాలిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు, పొట్ట కుండలా, కాళ్ళు పుల్లల్లా అవుతాయి. దానికి మందు లేదు, మానడమే మందు. అది కూడా జీవితాంతం, రేణువు తగలకుండా. అలాంటి పిల్ల వెతుక్కుని వెతుక్కుని ఎక్కడ పుట్టిందయ్యా అంటే, గుమ్మం దాటితే గోధుమ చేను తప్ప మరొకటి కనపడని పంజాబు పల్లెలో, అందులోనూ రైతు ఇంట్లో. వాళ్ళ భాషలో గోధుమ పేరే కనక్. మనం కనకాన్ని మెడలో వేసుకుంటాం, వాళ్ళు కంచంలో వేసుకుంటారు. ఆ కనకమే ఈ పిల్ల కడుపులో కణకణలాడే నిప్పు.

ఏడాదిగా కుల్‌బీర్ ఆ ఇంట్లో రెండో పొయ్యి పెట్టింది, రెండో పెనం పెట్టింది, మొక్కజొన్న రొట్టెలతో, బియ్యంతో, శనగపిండి అట్లతో కూతుర్ని సాకుతోంది. అయినా పిల్ల తేరుకోవడం లేదు. ఎవరో చాటుగా గోధుమ పెడుతున్నారని కుల్‌బీర్ నమ్మకం. ఆ ఎవరో, ఇంట్లో అందరూ బేబే అని పిలిచే అత్తగారు బచన్ కౌరేనని ఇంకా గట్టి నమ్మకం. అత్తగారి ప్రేమ ఎప్పుడూ అత్తెసరేనని ఆమె అభిప్రాయం; ఉడికీ ఉడకదు, మాడీ మాడదు. ఇంట్లో పెద్దల అనుమానం మాత్రం పట్నం వైద్యం మీద. మామగారి అన్న తాయా జాగర్ సింగ్ అప్పుడే తీర్పు కూడా చెప్పేశాడు. ఈసారి పరీక్షలో తేడా కనిపించకపోతే ఈ పత్యం కట్టిపెట్టి, రేపు పొద్దున్నే పిల్లని కోట్లీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ మహానుభావుడి మందు ఏమిటంటే, నేతిలో వేయించిన గోధుమరవ్వ జావ. చెంచా చెంచా పెంచుకుంటూ పోతే పేగు దానంతటదే దారికొస్తుందట. దారికి రావడం మాటేమో గానీ, పిల్ల దారి తప్పిపోవడం ఖాయం.

అదీ సంగతి. ఇప్పుడు డాక్టరమ్మ పిలిచింది.

"తగ్గలేదమ్మా. కిందటిసారి కంటే కాస్త పెరిగింది కూడా."

కుల్‌బీర్ కాగితం వంక చూడలేదు. "పెడుతున్నది ఎవరో నాకు తెలుసు డాక్టర్ గారూ."

"పెట్టేవాళ్ళ సంగతి తర్వాత. కలుస్తున్న చోటు వెతుకు. జల్లెడ చూశావా? డబ్బాలు? పిండిమర?"

"మర మా అన్నది. నా కూతురి కోసం వేరే రాళ్ళు కొని, వేరే పాక వేసి పెట్టాడు. ఆ రాయి మీద గోధుమ విసిరింది లేదు."

"మంచి అన్న," అంది డాక్టరమ్మ. "అయినా ఒకసారి చూడు."

చూడమన్నది చూడటానికి కాదు కుల్‌బీర్ దారిలో పుట్టింటి ఊళ్ళో దిగాలనుకున్నది. సాయంత్రం అత్తవారి ముంగిట్లో పంచాయితీ. అక్కడ తన తరఫున గట్టిగా మాట్లాడే గొంతు ఒకటి కావాలి. అన్న నిర్భయ్ సింగ్ గొంతు రోజంతా మర చప్పుడు మీద అరిచి అరిచి రాటుదేలింది. ఆ గొంతుని అరువు తెచ్చుకుందామని ఆమె ఆలోచన.

బస్సులో సీటు దొరకగానే కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"నిజం చెప్పు. బేబే నీకేం పెట్టింది?"

"ఏం పెట్టలేదు."

"నేను పశువుల దగ్గరికి వెళ్ళినప్పుడు? రొట్టె ముక్క? పరాఠా?"

"లేదు మమ్మీ."

"బళ్ళో ఎవరైనా బిస్కెట్ ఇచ్చారా?"

సీరత్ తల అడ్డంగా ఊపింది. "తినలేదు. వాసన చూశాను. వాసన చూసినా తిన్నట్టేనా?"

కుల్‌బీర్ కిటికీ వైపు తిరిగింది. బయట కూడా గోధుమే. బస్సు ఎంత దూరం పోతే అంత దూరం, పచ్చగా, బలంగా, తల ఎగరేస్తూ. ఈ దేశానికంతటికీ కడుపు నింపే చేలు తన కూతురి కడుపు ఒక్కదాన్నే కాల్చుకు తింటున్నాయి. ఆమెకి ఆ చేల మీద కోపం వచ్చింది, చేలని దున్నిన భర్త మీద వచ్చింది, వాసన చూసిన పిల్ల మీద కూడా వచ్చింది. ఆఖరికి అన్ని కోపాలూ కలిసి పాత చిరునామాకే చేరాయి. అత్తగారు.

నిర్భయ్ సింగ్ మర రోడ్డు పక్కనే. ముందు పాకలో ఊరివాళ్ళ గోధుమ ఆడుతుంది. దాని వెనక, మధ్యలో పెరడు వదిలి, సీరత్ మర. ఆ పాకకి పేరే అది. మేనకోడలి పిండి పట్టడానికి వెళ్ళేముందు నిర్భయ్ స్నానం చేసి బట్టలు మార్చుకుంటాడు. ఊళ్ళో వాళ్ళు "గురుద్వారాకి వెళ్ళేటప్పుడు కూడా ఇంత శుద్ధి లేదేమిరా" అని ఎగతాళి చేసినా పట్టించుకోడు. ఇవాళ పొద్దున్న గుర్‌తేజ్, అంటే కుల్‌బీర్ భర్త, ట్రాక్టరు మీద మొక్కజొన్న సంచి దింపి వెళ్ళాడు. వీళ్ళు వచ్చేసరికి నిర్భయ్ తడి గడ్డం తుడుచుకుంటూ ఆ సంచి దగ్గరే ఉన్నాడు.

"వచ్చిందమ్మా మా మహారాణి. మరమరాలు తింటావా, మర తింటావా?" అని సీరత్‌ని ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. తర్వాత చెల్లెలి మొహం చూశాడు. "ఏమైంది?"

కుల్‌బీర్ నిలబడే చెప్పింది. పెరిగిన అంకె, కోట్లీ వైద్యుడు, నేతి జావ. చెబుతున్నకొద్దీ ఆమె గొంతు పైకి పోయింది. వీరా అంటే వాళ్ళ భాషలో అన్న. "ఏడాది వీరా. ఏడాదిగా నేను గరిటె కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పెళ్ళికెళ్తే పిల్ల అన్నం క్యారియర్‌లో పట్టుకెళ్ళి మూల కూర్చుని తినిపించాను. గురుద్వారాలో గోధుమపిండి ప్రసాదం చేతిలో పెడితే కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకిచ్చాను. దేవుడి మీద కూడా నమ్మకం లేనిదాన్నని ఆడవాళ్ళందరూ మూతులు తిప్పారు. పడ్డాను. ఇంతా చేసి, ఆ ముసలామె చాటుగా ఒక్క ముక్క పిల్ల నోట్లో పెట్టి నా ఏడాదిని బుగ్గి చేస్తోంది. ఇప్పుడు తీర్పు కూడా ఆవిడ ముందే. నువ్వు రావాలి."

"వస్తాను. తాయా కాళ్ళకి దణ్ణం పెట్టి మరీ కడిగేస్తాను. ఈ సంచి పట్టేసి బయల్దేరదాం."

మోటారు వేశాడు. పట్టా బిగుసుకుంది, రాయి మెల్లగా ఒళ్ళు విరుచుకుంది. నిర్భయ్ సంచి మూతి విప్పి, లోపలి నుంచి పసుపు గుడ్డముక్కలో కట్టిన చిన్న మూట తీశాడు. తలపాగా సర్దుకుని, పెదాల మీద వాహెగురు అనుకుని, మూట ముడి విప్పి పైనున్న తొట్టిలోకి వంపాడు.

"మామాజీ," అంది గట్టు మీది సీరత్. "అవి గోధుమలు కదా."

దొంగల్ని పట్టే పోలీసుకి దొంగ నడకే చాలు. సీరత్‌కి గోధుమ అంతే, ఆమడ దూరం నుంచి పోల్చుకుంటుంది. కుల్‌బీర్ ఒక్క అంగలో వెళ్ళి మోటారు కట్టేసింది. రాయి మూలిగి ఆగింది.

"ఏం పోశావు?"

"ఏమిటీ?"

"ఇప్పుడు. ఆ తొట్టిలో. ఏం పోశావు వీరా?"

నిర్భయ్‌కి ప్రశ్న అర్థం కాలేదు. చేతిలోని ఖాళీ గుడ్డ వంక, చెల్లెలి వంక చూశాడు. "రాయి నోరు కడుగుతున్నాను."

"గోధుమలతోనా?"

"మరి దేంతో కడుగుతారు? నాన్న దేంతో కడిగాడు, తాత దేంతో కడిగాడు? రాయి రోజుల తరబడి ఊరికే పడుంటుంది. పాత పిండి ముక్కిపోయి వాసన పడుతుంది, పురుగు చేరుతుంది. గుప్పెడు గోధుమ పోసి తిప్పితే అంతా ఊడ్చుకుపోతుంది."

"ఈ రాయి మీద గోధుమ విసరలేదని ఊరంతా చాటింది నువ్వు కాదా?"

"విసరలేదు." నిర్భయ్‌కి కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. "విసిరితే నా చేతులు విరగ్గొట్టు. విసరడం వేరు, కడగడం వేరు. గ్లాసు కడిగిన నీళ్ళని తాగామని ఎవరైనా అంటారా? ముందు వచ్చిన పిండి తీసి కుక్కకి వేస్తాను. ఆ తర్వాతదే పిల్ల సంచిలోకి."

"రాయికి పళ్ళుంటాయి కదా వీరా. ఉలితో ఆ గాట్లు పెట్టేది నువ్వే కదా. కుక్కకి పోయింది పోగా, ఆ పళ్ళ సందుల్లో ఇరుక్కున్నది ఎవరి కడుపులోకి పోతుంది?"

నిర్భయ్ నోరు తెరిచాడు. రాయి నోరు కడగడం తెలిసినవాడికి తన నోరు ఎలా మూసుకోవాలో తెలియలేదు. తొట్టిలోకి వంగి చూశాడు. చెయ్యి పెట్టి కొన్ని గింజలు తీసి అరచేతిలో పరుచుకుని, అవేవో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మనిషికి గోధుమ అంటే తినే వస్తువు కాదు, గాలి లాంటిది. గాలిని ఎవరు లెక్కలో వేసుకుంటారు? ఆ లెక్కలో వేసుకోనిదే ఏడాదిగా రొట్టె రొట్టెకీ పిల్ల పేగు మీద లెక్క రాస్తోందని ఇప్పుడు తెలిసింది.

"ప్రతిసారీనా?" అంది కుల్‌బీర్.

"ప్రతిసారీ." అతని గొంతు మరలోంచి వచ్చినట్టు పొడిపొడిగా ఉంది. "శనగలు పట్టినప్పుడు కూడా."

కుల్‌బీర్ గోడకి ఆనుకుంది. కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యెత్తితే ఎదురుగా స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తన కూతురి కోసం రాళ్ళు మోసిన మనిషి. తిట్టాలనిపించింది. తిట్టడానికి మాట వెతికితే ఏ తిట్టూ అతనికి సరిపోలేదు. ఏడాది పాటు పెంచిన కోపం పుట్టింటికొచ్చి, కూర్చోవడానికి పీట దొరక్క నిలబడిపోయింది.

"నీ ఇంట్లో గోధుమలేనా అవి?" అని చివరికి అడిగింది.

"కాదు. మీవే. సంచిలోనే వస్తాయి." అనేశాక అతనికే ఏదో తట్టినట్టు ఆగాడు. "మీ బేబే కట్టి పెడుతుంది."

కుల్‌బీర్ గోడ వదిలి నిటారుగా నిలబడింది.

"మొదటిసారి గుర్‌తేజ్‌తో పాటు ట్రాక్టరు మీద తనే వచ్చింది," అన్నాడు నిర్భయ్. "నా చేతిలో మూట పెట్టి చెప్పింది. 'నిర్భయ్ పుత్తర్, ఎవరింటి గింజలతోనో కాకుండా మా గింజలతోనే రాయి కడుగు. ఊరివాళ్ళ పిండి రేణువు కూడా నా సీరత్ రొట్టెలోకి రాకూడదు. ఇవి నేను ఒక్కొక్కటీ ఏరిన గింజలు, మట్టి బెడ్డ కూడా ఉండదు' అంది. నాతో ఒట్టు కూడా వేయించుకుంది. అప్పట్నుంచీ ప్రతి సంచిలోనూ మూట వస్తుంది."

గట్టు మీద సీరత్ మరమరాలు నమలడం ఆపి వింటోంది.

కుల్‌బీర్ అన్న చేతిలోంచి పసుపు గుడ్డ తీసుకుంది. అత్తగారి పాత దుపట్టా చెంగు. అంచున ఆవిడే వేసిన కుట్టు. తొట్టిలో మిగిలిన గింజలు కొన్ని తీసి అందులో పోసి, మళ్ళీ ముడి వేసింది.

"పద, నేను వచ్చి చెప్తాను," అన్నాడు నిర్భయ్. "చేసింది నేను. మీ ఇంటి గడప మళ్ళీ తొక్కొద్దంటే తొక్కను. రాఖీ పోస్టులో పంపు."

"నువ్వు రావద్దు."

"మరి?"

"నీ పేరు అక్కడ రాదు," అంది కుల్‌బీర్, కూతుర్ని గట్టు మీంచి దింపుతూ. "ఈ రాళ్ళు ఊడదీసి కొత్తవి బిగించు. వాటి నోరు ఇక గోధుమలతో కడగకు."

వాళ్ళు ఇల్లు చేరేసరికి ముంగిట్లో సభ తీరిపోయింది. నులక మంచం మీద తాయా జాగర్ సింగ్, పక్కన లస్సీ గ్లాసు. గేదెల కట్టుకొయ్యకి ఆనుకుని గుర్‌తేజ్. ఓ వారగా పీట మీద బచన్ కౌర్, ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో మొక్కజొన్నలు. వచ్చే సంచి కోసం ఏరుతోంది. కళ్ళు సరిగా ఆనవు కనుక గింజని మొహం దాకా తెచ్చుకుని చూసి, మధ్యలో ఎక్కడైనా గోధుమ గింజ కనిపిస్తే తీసి కోళ్ళకి విసురుతోంది.

"వచ్చింది పేగుల పండితురాలు," అన్నాడు తాయా. "చదవమ్మా, పట్నం వాళ్ళు ఏం రాశారో."

"పెరిగింది," అంది కుల్‌బీర్.

గుర్‌తేజ్ తల దించుకున్నాడు. తాయా లస్సీ గ్లాసు పెట్టేసి మీసం తుడుచుకున్నాడు. "నేను చెప్పలేదా? గోధుమ మానేస్తే బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఆకాశంలోంచా? మా నాన్న రోజూ బోలెడు రొట్టెలు తిని ఎద్దుని చెవి పట్టుకుని పడగొట్టేవాడు. ఈ పిల్ల కోడిపిల్లని చూసి పక్కకి తప్పుకుంటోంది. రేపు పొద్దున్నే కోట్లీ. గుర్‌తేజ్, డీజిల్ ఉందా?"

"ఉంది తాయాజీ."

"పిల్లని చంపడానికి సరిపడా ఉందా?" అంది కుల్‌బీర్.

ఆ ముంగిట్లో తాయా మాట మీద మాట వేసిన కోడలు అంతకుముందు లేదు. తాయా గడ్డం పైకి లేచింది. "ఏమన్నావు?"

"ఏడాదిగా పిల్ల గోధుమ తింటూనే ఉంది తాయాజీ. మానిస్తే ఏమవుతుందో ఇంకా ఎవరం చూడలేదు. మానకముందే మానినా ఫలితం లేదని తీర్పు ఇచ్చేశారు. ఎవరో పెడుతున్నారని నేను మొత్తుకుంటే, కోడలికి పిచ్చి అన్నారు. అత్తని ఆడిపోసుకుంటోంది అన్నారు. నా మొగుడే అన్నాడు."

"రుజువు ఉంటే అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు గుర్‌తేజ్, తల ఎత్తకుండానే.

"ఇప్పుడుంది."

కొంగు ముడి విప్పి పసుపు మూట తీసింది. తాయా ముందు, మంచం పట్టె మీద పెట్టింది. బచన్ కౌర్ కళ్ళు చికిలించి చూసింది, ఆవిడ మొహం విప్పారింది.

"అరె, అది నా గుడ్డ. నిర్భయ్ తిరిగి పంపించాడా? ఎప్పుడూ పంపడు, ఎక్కడ పారేస్తాడో అనుకుంటూ ఉంటాను."

"బేబే, అందులో ఏమున్నాయి?"

"గోధుమలు."

"ఎవరు కట్టారు?"

"నేనే. ఈ ఇంట్లో ఇంకెవరు కడతారు?"

"ఏ సంచిలో పెట్టారు?"

"సీరత్ సంచిలో. ప్రతిసారీ పెడతాను." ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఇంతమందిలో తన పనిని ఒకరు అడిగి తెలుసుకోవడం ఆవిడకి చాలా కాలం తర్వాత జరిగింది.

తాయా జాగర్ సింగ్ మూటని వేలితో తాకి, చుర్రుమన్నట్టు వెనక్కి తీశాడు. ఎద్దుని పడగొట్టిన వంశం గుప్పెడు గింజల ముందు పడిపోయింది.

"బేబే," అన్నాడు గుర్‌తేజ్. కట్టుకొయ్య వదిలి రెండడుగులు వేశాడు. "పిల్ల సంచిలో? ప్రతిసారీ?"

"అవును పుత్తర్. ఆ రాయికి..."

"రాయి సంగతి వద్దు. నువ్వే రాయివి." మూట వైపు వేలు చూపించాడు. "ఆ సంచి నేను మోశాను. నా చేత్తో ట్రాక్టరు మీదికి ఎక్కించాను. నీ మీద మాట పడితే నా పెళ్ళాం మీద అరిచాను. మా అమ్మ అలాంటిది కాదన్నాను. సీరత్ రాత్రిళ్ళు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే నువ్వు పక్కన కూర్చుని పొట్ట నిమిరేదానివి కదా. ఎలా నిమిరావు?"

బచన్ కౌర్ కొడుకు మొహం చూసింది. మూట చూసింది. ఒళ్ళోని పళ్ళెం చూసింది. ఏరిపారేసిన గోధుమ గింజలు కోళ్ళు ఇంకా ఏరుకు తింటున్నాయి. ఆవిడ పెదాలు ఏదో లెక్క కడుతున్నట్టు కదిలాయి. మూట, సంచి, రాయి, రొట్టె. ఆ లెక్క తేలిన క్షణాన ఆవిడ మొహంలో నెత్తురు ఇంకిపోవడం ఎవరూ గమనించలేదు, కుల్‌బీర్ తప్ప.

వాదిస్తుందని, శాపనార్థాలు పెడుతుందని కుల్‌బీర్ కాచుకుని ఉంది. బచన్ కౌర్ మాత్రం తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. పళ్ళెం కింద పెట్టి లేచింది.

"వైద్యుడి ఊసు ఇక నేను ఎత్తను," అన్నాడు తాయా గొంతు సవరించుకుని. "కోడలు చెప్పిందే నిజం. ఇక నుంచి పిల్ల తిండి ఆమె ఇష్టం. ఎవరైనా అడ్డొస్తే నేను చూసుకుంటాను."

ఏడాదిగా కుల్‌బీర్ వినాలనుకున్న మాటలు అవే. నోరు విప్పి అబద్ధం ఒక్కటి కూడా చెప్పకుండా గెలిచింది. పిల్ల పత్యం నిలబడింది, అన్న చేసిన పని బయటికి రాలేదు.

"అక్కయ్య ఊరికి ఆఖరి బస్సు ఇంకా పోలేదు," అన్నాడు గుర్‌తేజ్ తల్లితో, మొహం పక్కకి తిప్పుకుని. "నేను దింపుతాను. పిల్ల తేరుకునేదాకా అక్కడే ఉండు. దీని కంచం దాపులకి రాకు."

బచన్ కౌర్ తలూపింది. చెప్పులు వెతుక్కుంది. ఒక చెప్పు దొరకలేదు. సీరత్ వెళ్ళి మంచం కింద నుంచి ఆ చెప్పు తీసి ఇచ్చి, అలాగే అవ్వ దుపట్టా చెంగు గుప్పిట పట్టుకుని నిలబడిపోయింది. ఎవరు విడిపించబోయినా వదల్లేదు.

"వదులు పుత్తర్," అంది బచన్ కౌర్. "నన్ను ముట్టుకోకు. నా చేతులు మంచివి కావు."

కుల్‌బీర్‌కి నాలుక మీదిదాకా వచ్చింది మిగతా మాట. ఒక్కొక్కటీ ఏరిన గింజలు. ఊరివాళ్ళ పిండి నా సీరత్ రొట్టెలోకి రాకూడదు. ఆ మాట బయటికి వస్తే దాని వెంటే రాయి వస్తుంది, రాయి వెంట నిర్భయ్ వస్తాడు. ఆమె పెదాలు బిగించింది.

"పాపా," అంది సీరత్. చెంగు వదలకుండానే తండ్రి వైపు తిరిగింది. "మామాజీ చెప్పిందంతా మమ్మీ చెప్పలేదు. సగమే చెప్పింది."

తాయా గ్లాసు అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగింది. బచన్ కౌర్ తల ఎత్తింది.

"మిగతా సగం ఏమిటి?" అన్నాడు గుర్‌తేజ్.

కూతురి వంక చూడలేదు. కుల్‌బీర్ కళ్ళలోకి సూటిగా చూస్తూ అడిగాడు.